చక్రం చల్లబడేదాకా

పోయిన వారం మోహన్ కారులో కోట అనే ఊరి నుంచి మా హ్యాచరీకి వస్తున్నాను. మోహన్ మాకు రొయ్యల మేత అమ్మే మనిషి. కోతల కాలం కాబట్టి రోడ్డులో సగం మేర వడ్లు ఆరబోసి, వాటి చుట్టూ రాళ్ళు పేర్చి ఉన్నాయి. మిగిలిన సగంలోకి ఒక గేదె తీరిగ్గా నడిచి వచ్చింది. మోహన్ బ్రేకు నొక్కాడు. అతని చేతుల్లో స్టీరింగు వణికింది. ఆ వణుకు కారు అడుగు రేకు గుండా నా అరికాళ్ళలోకి ఎక్కింది. ముందు పెట్టిన నీళ్ళ సీసాలో నీళ్ళు సన్నగా అలలు వేసి, కారు నెమ్మదించే కొద్దీ ఆ అలలూ నెమ్మదించాయి. "రోడ్డు బాలేదన్నా" అన్నాడు మోహన్. రోడ్డు ఈ మధ్యనే కొత్తగా వేశారు. ఆ వణుకు నా అరికాళ్ళకు బాగా తెలుసు. చాలా ఏళ్ళ కిందట, ఇదే దారిలో, సుశీలమ్మగారి తెల్ల కారులో ఆమె పక్కన కూర్చుని దాన్ని నేను ఎన్నిసార్లు విన్నానో. విన్నాను అనే అంటాను, ఎందుకంటే దాన్ని వినడం నేర్పింది ఆమే.

సుశీలమ్మగారు మా హ్యాచరీ యజమానురాలు. హ్యాచరీ అంటే తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. సముద్రపు నీళ్ళు తొట్లలోకి తోడి, తల్లి రొయ్యల చేత గుడ్లు పెట్టించి, పిల్లల్ని కనురెప్ప వెంట్రుకంత పొడవు దాకా పెంచి రైతులకు అమ్ముతాం. రైతులు వాటిని తమ గుంటల్లో వదిలి పెద్ద చేస్తారు. ఈ పని ఆమె భర్త మొదలుపెట్టారు. ఆయన పోయాక ఆమె, ఆమె తమ్ముడు ప్రభాకర్‌గారు కలిసి నడిపారు. ప్రభాకర్‌గారు నెల్లూరులో ఉండి అమ్మకాలు చూసుకునేవారు. ఆమె ఇక్కడే, సముద్రం హోరు వినపడేంత దూరంలో, తొట్ల మధ్య ఉండేవారు. కారు తోలడం ఆమె నలభై దాటాక నేర్చుకున్నారు. అదీ రోడ్డు మీద కాదు, పంట తీసి ఎండగట్టిన రొయ్యల గుంటలో. "అందులో గుద్దడానికి ఏముందయ్యా, గట్టు తప్ప? ఆ గట్టును మాత్రం నేను వదల్లేదు" అని ఆమె నవ్వుతూ చెప్పుకునేవారు.

నేను పదో తరగతి తర్వాత చదువు ఆపేసి, ఆమె దగ్గర తొట్లు కడిగే పనికి చేరాను. అంకెలంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఎవరూ అడగకుండానే గోడ ఇటుకలు, పడవ పలకలు గుణించి చూసుకునే అలవాటు ఉండేది. ఆ అలవాటు ఆమె కంట పడింది. ఒకరోజు నా చేతికి ఒక గాజు గ్లాసు, ఒక తెల్లటి బేసిను ఇచ్చి, "ఈ తొట్టిలో పిల్లలెన్ని ఉండాయో చెప్పు పెంచలయ్యా" అన్నారు. లక్షల్లో ఉండే పిల్లల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేం. ఒక గ్లాసు నీళ్ళు తీసి, అందులో ఉన్నవి లెక్కపెట్టి, తొట్టి నీళ్ళకు హెచ్చవేయాలి. నేను తొట్టి అంచున నిలబడి అందినచోట గ్లాసు ముంచి, లెక్క కట్టి, గర్వంగా ఒక అంకె చెప్పాను.

"యాడ ముంచినావు?"

"ఈ మూలమ్మా."

"ఈ మూల వెలుతురు ఉండాది. పిల్లలు వెలుతురు చూసి ఈడికి చేరుంటాయి. నువ్వు చెప్పింది మూల లెక్క, తొట్టి లెక్క గాదు." ఆమె చీర కొంగు బిగించి, మోచేతి దాకా చెయ్యి ముంచి, నీళ్ళను అడుగు నుంచి పైకి మెల్లగా కలిపారు. "కలుపు. చుట్టూ తిరుగు. ప్రతి వైపూ ముంచు. నీ హెచ్చవేత బాగుంది, అబ్బయా. ముంచిన చోటే బాలేదు."

నా గుణకారాన్ని మెచ్చుకున్నవాళ్ళు అంతకుముందు ఉన్నారు. గుణకారం చేయడానికి ముందు ఏం చేయాలో చెప్పినవారు మాత్రం ఆమె ఒక్కరే. ఆ రోజు నుంచి తొట్లు కడగడం మానిపించి నన్ను లెక్క పనిలో పెట్టారు. ఇప్పటికీ అదే పని. దాని మీదే ఇల్లు కట్టాను, పిల్లల్ని చదివించాను.

కారు సంగతికి వస్తాను. ఆ తెల్ల కారు ఆమెకు కేవలం వాహనం కాదు. పిల్లల్ని కొన్న రైతు ఫోను చేసి, "అమ్మా, పిల్లలు గట్టుకు చేరతా ఉండాయి, ఏందో తేడాగా ఉంది" అంటే, ఆమె చెప్పులు వేసుకుని కారెక్కి పోయేవారు. వాకాడు వైపు గుంటలు, ఉప్పుటేరు దాటి ఇంకా లోపలి గుంటలు, ఎక్కడికైనా సరే. గట్టు మీద కూర్చుని నీళ్ళు చేతిలోకి తీసుకుని చూసేవారు. డ్రైవరును పెట్టుకోమని ఎందరు చెప్పినా ఒప్పుకోలేదు. "డ్రైవరుంటే వాడికి అన్నం వేళ, వాడికి ఇంటికి పోయే వేళ. నేను వాడి వేళల ప్రకారం పోవాల. రైతుకు కష్టం వేళ చూసుకోని రాదు" అనేవారు.

అలాంటి కారు ఒక ఏడు వణకడం మొదలుపెట్టింది. మామూలుగా పోయేటప్పుడు ఏమీ ఉండదు. వేగంలో బ్రేకు నొక్కితే మాత్రం స్టీరింగు జ్వరం వచ్చిన చెయ్యిలా వణికేది. కోటలో మస్తాన్ అనే మెకానిక్కు చూసి, ముందు చక్రాల బ్రేకు డిస్కులు చెడిపోయాయని చెప్పి కొత్తవి వేశాడు. డిస్కు అంటే చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్ళెం. బ్రేకు నొక్కితే రెండు వైపుల నుంచీ ప్యాడ్లు దాన్ని పట్టుకుంటాయి. ఆ పళ్ళెం ఏ కొంచెం వంకర తిరిగినా, ఒకచోట మందం ఒకచోట పలచన అయినా, పట్టు సమంగా ఉండదు. కొత్తవి వేశాక హాయిగా ఉంది. కొన్ని నెలలకు మళ్ళీ వణుకు. మళ్ళీ కొత్తవి. మళ్ళీ వణుకు.

ప్రభాకర్‌గారు నెల్లూరు నుంచి వచ్చి, ఆఫీసు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను లోపల బల్ల దగ్గర ఉన్నాను. మాటలన్నీ వినపడుతున్నాయి.

"అక్కా, బండిది కాదు తప్పు. నీ కాలిది. నువ్వు బ్రేకు మీద నిలబడి తోలతా ఉండావు."

"నిలబడి తోలితే నాకు మీటరు కనపడదురా."

"నవ్వులాట కాదు. నా బండికి రాని రోగం నీ బండికే ఎందుకు వస్తుంది? రేపు ఏ లారీ ముందో బ్రేకు పట్టకపోతే బావగారి పేరు చెప్పి ఊరంతా నన్నే తిడుతుంది. ఈసారి కొత్త డిస్కులు వేయిస్తా. మళ్ళీ వణికిందంటే తాళం నాకు ఇచ్చెయ్. డ్రైవరును మాట్లాడి ఉంచినాను."

ఆమె "సరే" అన్నారు. ఆమె అంత తగ్గిన గొంతుతో మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. ప్రభాకర్‌గారు చెడ్డవారు కాదు. అక్క మీద భయంతోనే అన్నారు. కానీ తాళం పోతే ఆమె ఈ వరండాలో కూర్చుని ఫోనులో రైతులకు జవాబు చెప్పే మనిషి అయిపోతారని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

ఆ సాయంత్రం నన్ను పిలిచి, "పెంచలయ్యా, నా కాలు అంత బరువా?" అని అడిగారు. నిజంగానే అడిగారు. నా మాట వింటే మిగతావన్నీ పక్కన పెడతారన్నట్టు నా మొహంలోకి చూశారు. నాకు కారు గురించి ఏమీ తెలియదు. అదే చెప్పాను. "తెలవదు గదా, మంచిది. తెలిసినవాళ్ళంతా చెప్పేసినారు. రేపు నాతో రా" అన్నారు.

మర్నాడు ఆమె పక్కన కూర్చుని కోటకు పోయాను. ఆమె తోలుతూ వేగం మార్చి మార్చి బ్రేకు నొక్కారు. నేను చెప్పులు విప్పి పాదాలు అడుగు రేకుకు ఆనించి కూర్చున్నాను. వేగంగా ఉన్నప్పుడు వణుకు దగ్గర దగ్గరగా, నెమ్మదిస్తే దూరం దూరంగా. ఆగబోయే ముందు ఒక్కొక్క వణుకునూ విడిగా లెక్కపెట్టవచ్చు. చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక వణుకు. అంటే రోడ్డుది కాదు, కాలిది అంతకన్నా కాదు. కాలు చక్రంతో పాటు తిరగదు కదా. ఆ మాట చెబితే ఆమె దారి మీద నుంచి చూపు తిప్పకుండానే, "ఇంకొక్కసారి చెప్పు" అన్నారు. చెప్పాను. ఆమె భుజాలు కిందికి దిగడం చూశాను.

మస్తాన్ పనిమంతుడు. చక్రం విప్పి, డిస్కు మందం కొలిచే మైక్రోమీటరు తెచ్చి, ఒకచోట పెట్టి చూసి, "మందం సరిగానే ఉండాదమ్మా" అన్నాడు. సుశీలమ్మగారు, నేను ఒకేసారి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా ఇద్దరికీ ఆ తొట్టి మూలే గుర్తొచ్చింది.

"చుట్టూ కొలువు మస్తానూ" అన్నారామె.

సుద్దముక్కతో డిస్కు చుట్టూ గీతలు గీసి, ఒక్కొక్క గీత దగ్గరా కొలిచాం. అతను అంకె చెబుతుంటే నేను మనసులో పెట్టుకున్నాను. ఒక వైపు సరిగ్గా ఉంది. దానికి ఎదురు వైపు పలచబడింది. తేడా ఎంతో కాదు, తల వెంట్రుకలో సగం కూడా ఉండదు. రెండో చక్రమూ అంతే.

"ఈ మాత్రానికే స్టీరింగు ఊగుద్దన్నా" అన్నాడు మస్తాన్, ఈసారి నెమ్మదిగా. "కొత్తవి వేసేటప్పుడు నేను చక్రం కూర్చునే చోట తుప్పంతా గీకినా. నట్లు కూడా ఎదురెదురుగా సమంగా బిగించినా. నా చేతిలో అయ్యే తప్పు ఏదీ మిగల్లా. వేసినప్పుడు బాగుండి, తర్వాత చెడతా ఉండాయంటే, ఈ బండి తిరిగే చోటే ఏదో ఉండాది. అది నాకు ఈడ కూర్చుంటే కనపడదు."

కొత్త డిస్కులు వేయించుకుని తిరిగి వచ్చాం. ఆ దారి ఇప్పుడున్నట్టే అప్పుడూ ఉండేది. వడ్లు, మేకలు, ప్రతి ఊరి ముందూ ఒక స్పీడుబ్రేకరు. ఎంత మెత్తగా తోలినా బ్రేకు మీద కాలు వేయక తప్పదు. హ్యాచరీ దగ్గరికి రాగానే, దూరం నుంచే ఆమె కారును గుర్తుపట్టి వాచ్‌మన్ గేటు బార్లా తెరిచి నిలబడ్డాడు. గేటు లోపల మా చక్రాల తొట్టి ఉంది. బయటి గుంటల మట్టితో పాటు రోగం లోపలికి రాకుండా ప్రతి బండీ బ్లీచింగ్ నీళ్ళలో దిగి, తడిసి, రావాలి. హ్యాచరీలన్నిటికీ ఉండేదే. మాది మాత్రం పిక్కల లోతు. ఒకసారి తెల్లమచ్చ రోగం వచ్చి తొట్లలోని పిల్లలన్నీ ఒక వారంలో పోయాక, ఆమె దగ్గరుండి దాన్ని లోతు చేయించారు. అందులో బండి ఆగాలి కూడా. వాచ్‌మన్ పైనుంచి పిచికారీ కొట్టేదాకా కదలకూడదు.

కారు నీళ్ళలోకి దిగింది. ముందు చక్రాల దగ్గర సుయ్‌మని గట్టిగా చప్పుడొచ్చి, సన్నగా ఆవిరి లేచింది. కాలిన ఇనుము, బ్లీచింగు కలిసిన వాసన.

"ఆ చప్పుడేందమ్మా?" అన్నాను.

"ఎప్పుడూ వస్తుందిలే. అది వింటే నాకు నిమ్మళం. క్రిములు చచ్చినట్టు అనిపిస్తుంది."

గేటు అవతల, రోడ్డుకు ఆ పక్కన వెంకటమ్మ టీ కొట్టు. రొయ్య పిల్లల సంచులు మోసే వ్యాను డ్రైవర్లు అక్కడి బల్ల మీద ఎప్పుడూ నలుగురైదుగురు ఉండేవారు. సుశీలమ్మగారికి ఆ బల్లంటే పడేది కాదు. "గేటు దాకా వచ్చి ఈడ కూలబడతారేందయ్యా, లోపల పని మీ తాత చేస్తాడా?" అని రోజూ తిట్టేవారు. ఆ రోజు కూడా చెంచయ్య అనే డ్రైవరు ఆమెను చూడగానే గ్లాసు కింద పెట్టి, వ్యాను తెచ్చి, మా కారు తొట్టి దాటగానే వెనకే అందులో దించాడు. చక్రాలు నీళ్ళలో మునిగాయి. ఏ చప్పుడూ రాలేదు.

నేను దిగి అతని కిటికీ దగ్గరికి పోయాను. "చెంచయ్యా, నీ చక్రాలు అరవవా?"

"నా చక్రాలెందుకు అరుస్తాయి? టీ తాగి, బీడీ కాల్చి, అమ్మగారి చేత తిట్లు తిని వచ్చేసరికి అవి చల్లబడి ఉంటాయి గదా. అరిచేది అమ్మగారి బండి ఒక్కటే. దాన్ని మేము దూరం నుంచే కనిపెడతాం."

సుశీలమ్మగారు కారు తలుపు పట్టుకుని నిలబడి ఉన్నారు. చెంచయ్య మాట విన్నారు. తొట్టి వైపు చూశారు. తెరిచి ఉన్న గేటు వైపు చూశారు. తర్వాత బల్ల వైపు చూశారు. నేను వివరించబోయాను. బాగా వేడెక్కిన పళ్ళెం సగం నీళ్ళలో మునిగి, సగం పైన ఉంటే, అది ఒక తీరుగా ఎట్లా చల్లబడుతుందని. ఆ బ్లీచింగు తడితోనే కారు నీడన ఆగితే, ప్యాడు పట్టిన చోట తుప్పు తింటుందని. ఆమె చెయ్యి ఎత్తి ఆపారు. అర్థమైంది. కూలిపోతారేమో అనుకున్నాను. ఆమె నవ్వారు. ముందు చిన్నగా, తర్వాత కళ్ళు తుడుచుకునేంత పెద్దగా.

"మీ బళ్ళన్నీ గేటు బయట ఆగుతాయి. కొనేవాళ్ళ బళ్ళు కూడా లోపలి నుంచి చీటీ వచ్చేదాకా ఆగుతాయి. నేను ఓనరమ్మను గదా, నాకు మాత్రం గేటు ముందే తెరిచి పెడతారు. చూసినావా పెంచలయ్యా, నా గొప్పే నా డిస్కుల్ని తినింది."

వాచ్‌మన్ భయపడిపోయి, "మీ కారును తొట్టిలోకి దించొద్దులేమ్మా, పక్క నుంచి వదులుతా" అన్నాడు.

"ఎందుకు? రోగానికి నేను ఓనరమ్మనని తెలుసా?" అన్నారామె. "తొట్టి అట్నే ఉంటుంది. లోతు కూడా తగ్గించను. నువ్వు గేటు ముయ్యి. ఇక మీదట నా హారన్ విని తెరిచినావంటే చూడు. నేను నడిచి వచ్చి తట్టినాకనే తెరువు."

మర్నాటి నుంచి ఆమె కారు టీ కొట్టు ముందు ఆగింది. మొదటి రోజు ఆమె బల్ల దగ్గరికి రాగానే డ్రైవర్లంతా లేచి నిలబడ్డారు. "కూర్చోండయ్యా. ఇన్నాళ్ళూ టీ తాగినందుకు తిట్టినాను, అది వెనక్కి తీసుకుంటున్నా. రెండో టీకి మాత్రం తిడతాను" అని బల్ల చివర కూర్చున్నారు. వెంకటమ్మ గ్లాసు రెండుసార్లు కడిగింది. "చక్కెర ఎంతెయ్యాలమ్మా?" అని అడిగితే, "వాళ్ళకెంత వేస్తావో అంతే. చక్రం చల్లబడేదాకా నేనూ వాళ్ళలో ఒకదాన్నే" అన్నారు.

కొన్ని నెలలు గడిచాక ప్రభాకర్‌గారు వచ్చి, కారు తాళం అడిగి తీసుకుని, ఒక్కరే కోట దాకా పోయి వచ్చారు. ఆయన తిరిగి వచ్చేవరకు ఆమె తొట్ల దగ్గరికి పోలేదు, అన్నం తినలేదు, వరండా స్తంభం పట్టుకుని నిలబడే ఉన్నారు. నేను పక్కన నిలబడి, కొలిచిన అంకెలన్నీ మనసులో మళ్ళీ మళ్ళీ తిప్పుకున్నాను. ఆయన గేటు బయట కారు ఆపి, నడిచి లోపలికి వచ్చి, తాళం ఆమె చేతిలో పెట్టారు.

"నీళ్ళ గ్లాసు పెట్టినా తొణకదక్కా. గేటు ఎందుకు తియ్యలేదు వీడు? హారన్ కొట్టీ కొట్టీ చెయ్యి నొప్పి పుట్టింది."

"నాకే తియ్యడు, నీకు తీస్తాడా? టీ తాగినావా?"

"తాగించినారు నీ డ్రైవర్లు. వద్దన్నా వదల్లేదు."

ఆమె తాళం గుప్పిట్లో పట్టుకుని తొట్ల వైపు నడిచారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, నా వైపు చూసి, గాలిలో చేత్తో నీళ్ళు కలిపినట్టు ఒక్కసారి తిప్పారు. ఆమె నాకు ఇచ్చిన మెప్పు అదే. దానికన్నా పెద్ద మెప్పు నేను ఎవరి దగ్గరా పొందలేదు.

అసలు మేలు తర్వాత జరిగింది. ఇనుము చల్లబడటానికి పట్టే ఆ కాస్త సమయం ఆమె రోజూ బల్ల మీద గడిపారు. అంతకుముందు ఆఫీసు బల్ల ముందు నిలబడి నోరు పెగలనివాళ్ళు, అక్కడ ఆమె పక్కన కూర్చుని మాట్లాడారు. మధ్యాహ్నం ఎండలో బయలుదేరిన పిల్లలు దారిలో ఎట్లా నీరసపడతాయో చెంచయ్య అక్కడే చెప్పాడు. ఆమె బళ్ళు బయలుదేరే వేళ మార్చారు. తొట్లు కడిగే ఆడవాళ్ళ చేతులు బ్లీచింగుతో ఎట్లా పగులుతున్నాయో వెంకటమ్మ చెప్పింది. తొడుగులు వచ్చాయి. ఎప్పుడూ ఉన్న మాటలే అవి. అంతకుముందు ఆమె చెవికి చేరేవి కావు, ఎందుకంటే ఆమె గేటు దగ్గర ఆగేవారు కాదు. నేనూ ఆ బల్ల మీదే చాలా నేర్చుకున్నాను. లెక్క కట్టే ముందు అందరినీ అడగాలని, అడిగాక వాళ్ళు చెప్పేదాకా ఆగాలని. ఆగడం నాకు లెక్కకన్నా కష్టంగా వచ్చింది.

ఆమె చివరిదాకా కారు తోలుతూనే ఉన్నారు. జబ్బు పడి నెల్లూరులో తమ్ముడి ఇంట్లో ఉన్నప్పుడు చూడబోతే, మంచం మీద నుంచే, "బల్ల ఉండాదా?" అని అడిగారు. "ఉండాదమ్మా, కాళ్ళు మార్పించినాం" అన్నాను. తల ఊపారు. ఇప్పుడామె లేరు. తెల్ల కారూ లేదు. అప్పటి వాచ్‌మన్ వయసు మీరి ఊరికి పోయాడు. ఇప్పుడున్నతను వాకాడు నుంచి వచ్చినవాడు, ఆమెను ఎన్నడూ చూడలేదు.

పోయిన వారం మోహన్ కారు హ్యాచరీ ముందు ఆగింది. అతను హారన్ కొట్టాడు. గేటు తెరుచుకోలేదు. మళ్ళీ కొట్టాడు. లోపలి నుంచి వాచ్‌మన్ కమ్మీల సందుల్లోంచి తొంగి చూసి, చేత్తో టీ కొట్టు వైపు చూపించి, మళ్ళీ తన కుర్చీలో కూర్చున్నాడు.

"ఇదేందన్నా, నువ్వు పక్కన ఉండి కూడా తియ్యడా? అసలే ఆలస్యమైంది" అన్నాడు మోహన్.

రోడ్డు అవతల వెంకటమ్మ కూతురు అప్పుడే గ్లాసులు కడుగుతోంది. బల్ల మీద ఇద్దరు జరిగి మాకు చోటిచ్చారు. నేను కారు దిగి, ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, ఇనుముకు తగలకుండా అరచేయి దగ్గరగా పెట్టి చూశాను.

"దిగు మోహన్" అన్నాను. "ఇంకా వేడిగానే ఉంది."